రెండు మెడల తంబూర

తంబూరకు చుట్టిన గోనెపట్టా విప్పగానే పనసచెక్కా కొబ్బరినూనే కలిసిన పాత వాసన గుప్పుమంది. ఇన్నేళ్లొచ్చినా ఆ వాసనకు ముందు భయం వేస్తుంది, తర్వాతే నాయన గుర్తొస్తాడు.

డోన్‌లో నాయనకు రైల్వే కొలువు. వేసవి మధ్యాహ్నాలు నాపరాళ్లు కాలిపోతుంటే పిల్లలం గోడనీడకు చేరి అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం, లోపల అమ్మ ఉగ్గానికి బొరుగులు నానబెట్టేది, వసారాలో నాయన పాడుతుంటే చిన్నాయన తంబూర మీటేవాడు. శ్రీరామనవమి భజన కూడా వాళ్లిద్దరిదే. మా వీధిలో ఒక పట్టింపు ఉండేది: పాట ఎత్తుకున్నాక మంగళహారతి అయ్యేదాకా తంబూర ఆగకూడదు, ఆగితే పాడేవాడి ఇంటికి కీడు.

చిన్నాయన జ్వరంతో పోయాడు. ఆయన తంబూరను ఇంకొకరి చేతిలో పెట్టడానికి నాయనకు మనసొప్పలేదు. ఊరు విడిచిపోతూ రైలు గార్డు దొర ఒకాయన ఇచ్చిన గిటారు ఇంట్లో ఉంటే, రెండింటినీ ఒకటి చేయడానికి కూర్చున్నాడు. పైన లావు తీగల తంబూర మెడ, కింద గిటారు మెడ. బొటనవేలు పైన శ్రుతి మీటుతుంటే మిగతా వేళ్లు కింద పాట వాయించాలి. మొదట మెడలు మరీ ఎడమై మోచెయ్యి గాల్లో తేలింది, విప్పి దగ్గర చేశాడు. అప్పుడు మెడలు నేలకు వాలసాగాయి, వెనకవైపు ఇనుపముక్క బిగించాడు. వాలడం ఆగింది గానీ ఆ బరువంతా భుజాన తగిలించుకునే పట్టీ మీదుగా నాయన రొమ్ము మీద పడింది. ఆ రొమ్ములోనే జబ్బు. అంతకుముందు చలికాలం దగ్గితే నెత్తురు పడిందనీ, బరువు మోయొద్దని డాక్టరు చెప్పాడనీ నాకు తెలుసు.

“ఏమప్పా, రెండు తలల పామును సాకుతాండావా?” అని పక్కింటి మాబుసాబు నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. అది నిజంగానే నాయన రొమ్ముకు చుట్టుకున్న పామనుకున్నాను.

నవమినాడు అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

“నీకేమన్నా అయితే ఈ బిడ్డనెత్తుకోని నేను యాడికి పోవాల?”

“ఏం కాదులేమే. తమ్ముని తంబూర ఈ పొద్దన్నా మోగనీ.”

పందిట్లో పానకం ఘాటు, వడపప్పు, విసనకర్రల చప్పుడు, తాళాలు. నాకేమీ రుచించలేదు, నాయన మొహమే చూస్తున్నాను. పాట నడిమధ్యలో గొంతు సన్నబడింది, పెదాలు పాలిపోయాయి, మోకాళ్లు వంగాయి, బొటనవేలు తీగ మీంచి జారింది. ఆడవాళ్లలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎలా పోయానో తెలియదు, మెడల కింద దూరి భుజం ఆనించి లావు తీగ అందుకున్నాను.

“నిలపొద్దు పాపా,” అన్నాడు నాయన, రొప్పుతూనే.

నేను ఆపితే నాయన చచ్చిపోతాడనే అనుకున్నాను. నెత్తి మీద ఆయన రొప్పు వింటూ, ఏడుస్తూ, హారతి వెలిగేదాకా మీటాను. ఆయన పందిరి గుంజకు చేరగిలబడి దగ్గాడు. తువ్వాలు ఎర్రబడింది.

మర్నాడే ఇనుపముక్క పీకేశాడు. మెడల కింద నా భుజానికి సరిపోయే గుంట చెక్కి, చేత్తో తడిమి తడిమి నునుపు చేశాడు. అప్పటినుంచి సగం బరువు నాది. అలా పాడింది ఇంకొక్క నవమికే, ఆ పై నవమికి నాయన లేడు.

ఇప్పుడు ఆ వీధి భజనలో శ్రుతి కూడా కరెంటు పెట్టెలోంచే వస్తుంది, ఎవరూ మోయక్కర్లేదు. గుంటలోకి నా భుజం ఇక పట్టదు. లావు తీగ మీటితే, వదులైనా మోగింది. చెయ్యి తీయకుండా, నెత్తి మీద రొప్పు వినిపిస్తుందేమోనని చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను.