శనివారం డబ్బా

మా బావంత ప్రశాంతమైన మనిషిని మీరు చూసి ఉండరు. చూడకపోవడం మీ అదృష్టం.

ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ముందు గదిలో ఆయన కూర్చుంటాడు, వెనక గదిలో నేను అద్దాలు అరగదీస్తాను. వీధిలో అందరూ ఆయన్ని ‘ప్రశాంతంగారు’ అని వెక్కిరిస్తే, ఆయన దాన్ని బిరుదనుకుంటాడు. పొద్దున్నే ఇరవైసార్లు లెక్కపెట్టి ఊపిరి పీలుస్తాడు. పేపరు ముట్టుకోడు. గొంతు పెంచడు. ఒకసారి ఓ ముసలాయన కొత్త కళ్ళజోడుతో మెట్లు సరిగా కనబడక పడ్డానని చెప్పి, దోక్కుపోయిన మోకాలు చూపించాడు. ‘‘అలవాటు పడతారు లెండి’’ అని బావ చిరునవ్వు నవ్వాడు. కుడి అద్దం ఎడమకీ, ఎడమ అద్దం కుడికీ బిగించింది ఈ మహానుభావుడే. నేనే ఆ పెద్దాయన్ని వెనక గదిలో కూర్చోబెట్టి సరిచేసి పంపాను.

ఈ ప్రశాంతతకంతా మూలం ఇంట్లో ఉన్న ఒక రేకు డబ్బా. దిగుళ్ళకు కూడా ఒక వేళ పెట్టుకోవాలని ఎక్కడో విన్నాడు. ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా కాగితం మీద రాసి అందులో వెయ్యాలి. శనివారం సాయంత్రం ఐదింటికి ఆయన తీసి చదువుతాడు. ఈలోగా అక్క ఏదైనా చెప్పబోతే, చెయ్యెత్తి డబ్బా వైపు చూపిస్తాడు.

ఒకసారి ‘కుళాయి కారుతోంది’ అన్న కాగితం తీసి, కుళాయి దగ్గరికెళ్ళి చూసి, ‘‘చూశావా, దానంతటదే తీరిపోయింది’’ అని చింపేశాడు. మంగళవారమే అక్క మనిషిని పిలిపించి బాగు చేయించిందని ఆయనకు తెలియదు. సగం దిగుళ్ళు వాటంతటవే చల్లారతాయట! చల్లార్చే మనిషి వంటింట్లో ఉంటే ఎందుకు చల్లారవు?

ఒక ఆదివారం అక్కకు ఎడమ కంట్లో మెరుపులు మెరిశాయి. సోమవారానికి ఓ పక్కనుంచి నల్లగా కమ్ముకొచ్చింది. చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తాడు. రాసి డబ్బాలో వేసింది. బుధవారం మాకు భోజనం తెచ్చి, వెనక గదిలోకి వచ్చింది.

‘‘ఒరేయ్, ఈ కంటికి తెర కట్టినట్టుందిరా. సగం కనబడట్లేదు.’’

‘‘బావకి చెప్పావా?’’

‘‘డబ్బాలో వేశాను.’’

‘‘మరింకేం, శనివారం చూస్తాడుగా’’ అన్నాను.

నేనే అన్నాను. రోజంతా కళ్ళద్దాలతో బతికేవాణ్ణి. బావను తిట్టే నోటితో ఆ మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఇంటి ఉప్పు తిని తిని నాకూ ఆ జబ్బే పట్టింది.

శనివారం ఐదింటికి కాగితం చదివి, పదిసార్లు ఊపిరి పీల్చి, సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ అక్క కంట్లోకి చాలాసేపు చూసింది.

‘‘కంటి వెనక పొర ఊడిపోయింది. మెరుపులు వచ్చిన రోజే వచ్చుంటే చూపు నిలబెట్టేదాన్ని. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?’’

అక్క బావ వైపు చూసింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆపరేషను చేశారు గానీ చూపు రాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన అన్న మాట నాకింకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

‘‘జరిగినదాన్ని ఒప్పుకోవాలి. ఇంకో కన్నుందిగా, దానికి సంతోషించాలి.’’

పోయింది పక్కవాళ్ళ కన్నయితే ఒప్పుకోవడం ఎంత తేలికో! అక్క డబ్బాను మాత్రం అక్కడే ఉంచింది.

రెండు నెలల తరవాత ఒక మంగళవారం పొద్దున దుకాణం తాళాల కోసం వాళ్ళింటికి వెళ్ళాను. ప్రశాంతంగారు చెంప పట్టుకుని గది అంతా తిరుగుతున్నాడు. దవడ పన్ను పోటు. ఆయనకంత గొంతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

‘‘అమ్మో, చచ్చానే! ప్రాణం పోతోందే! ఏదైనా చెయ్యవే!’’

అక్క తడి చేతులు తుడుచుకుంది. అరలోంచి కాగితం, పెన్సిలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. డబ్బా మూత తీసి పట్టుకుంది.

‘‘రాయండి. శనివారం చూద్దాం.’’

బావ ఆమె వంక చూశాడు, డబ్బా వంక చూశాడు. ఊపిరి లెక్కపెట్టలేదు, ఒక్క అక్షరం రాయలేదు. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. నేను దుకాణం తెరిచేసరికే, ఆయన వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు.