పొర మారే చోటు

ఇది నత్తి ఏమో. ఇక తగ్గదేమో. ఐదో ఏడు వచ్చేసరికి గట్టిపడిపోతుందేమో.

బయటికి వినపడకుండా కొళాయి తిప్పుకుని, స్నానాల గదిలో ఈ మాటలు పైకే అనుకున్నాను. తలుపు అవతల నా నాలుగేళ్ళ కూతురు నిలబడి పిలుస్తోంది.

"అమ్మా, తలు..." అని ఆగింది. నోరు సగం తెరుచుకునే ఉంటుందని చూడకుండానే నాకు తెలుసు. ఒకటి, ఒకటిన్నర సెకను. "...పు తియ్యి."

పిల్లకి పుట్టుకతో చెవులు వినపడవు. రెండేళ్ళప్పుడు ఆపరేషన్ చేసి చెవి లోపల వినికిడి యంత్రం పెట్టారు. మాటలు నేర్పే కేంద్రంలో పదిహేను పాఠాల డీవీడీ ఇచ్చారు. అందులో ఒక టీచరు ఒక్కో వాక్యం నిదానంగా పలుకుతుంది, పిల్ల ఆమె నోరు చూసి పలకాలి. అక్కడి పిల్లలందరికీ ఆ డిస్కు ఒక్కటే, వారంలో తిరిగిచ్చెయ్యాలి. నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసినదాన్ని. కంప్యూటర్లో ఎక్కించి, ఖాళీ డిస్కు మీదికి కాపీ చేసుకుని అసలుది ఇచ్చేశాను. నెలన్నర ఆ కాపీతోనే పాఠాలు సాగాయి. అప్పుడు కేంద్రంలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "మీ ఇళ్ళల్లో ఎవరికైనా నత్తి ఉందా?" అని అడిగింది.

ఆ సాయంత్రం మొదటిసారి పిల్ల పక్కన కూర్చుని డిస్కు చూశాను. అప్పటిదాకా అది పెట్టేసి వంట చేసుకునేదాన్ని. ఎనిమిదో పాఠంలో తెర మీది టీచరు "తలు" అని, నోరు తెరిచి బిగుసుకుపోయింది. ఆ తర్వాత "పు" అంది. నా పిల్ల తప్పు నేర్చుకోలేదు. నేను ఇచ్చింది ఇచ్చినట్టు నేర్చుకుంది.

ముల్లత్తయ్య గడప తొక్కక తప్పలేదు.

ఆమె మా ఆయనకి మేనత్త. మాట గుచ్చుకుంటుందని చుట్టాలందరూ ఆమెకి ఆ పేరు పెట్టారు, నేను దాన్ని సంతోషంగా వాడాను. డిస్కులు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ప్రతి కొత్త డిస్కు మొదటి కాపీని మొదటి నుంచి చివరిదాకా చూడడమే ఆమె పని. మధ్యలో లేవకూడదు. టీవీ చూసే ఉద్యోగమని ఇంట్లో నవ్వేవాళ్ళు. ఒకసారి పిల్లల సినిమా డిస్కులో సరిగ్గా ఏడుపు మధ్యలో బొమ్మ ఆగిందని సంతకం పెట్టనంది. మేనేజరు అరిచాడు, ఈమె అంతకంటే గట్టిగా అరిచింది. వేరేవాళ్ళ చేత సంతకం పెట్టించి పంపారు. డిస్కులన్నీ తిరిగొచ్చాయి. ఆమెతో మాత్రం ఎవరూ ఒక్క మంచిమాట అనలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మెట్ల కింద గదిలో పాత టేపులూ డిస్కులూ బాగుచేస్తోంది.

నా పెళ్ళైన కొత్తలో, వంటింట్లో, "కాపీ కొట్టే పనికి ఇంత బడాయా?" అన్నాను. వెనక గుమ్మంలోనే ఉంది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

"ఎవరూ, సైన్సమ్మగారే! దారి తప్పారా?" అంది తల ఎత్తకుండానే.

"అత్తయ్యా, ఈ డిస్కు కొంచెం..."

"కాపీయేగా. నువ్వే కొట్టుకోకపోయావా?"

"కొట్టాను. అందుకే వచ్చాను."

అప్పుడు తలెత్తింది. "ముందు ఆ వేళ్ళు తియ్యి. డిస్కుని అంచు పట్టుకుంటారమ్మా, అప్పడంలా కాదు."

ఎనిమిదో పాఠం చూసింది. టీచరు నోరు బిగుసుకోగానే ఆపేసింది.

"కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఎన్ని ఫైళ్ళొచ్చాయి?"

"రెండు. ఒకటి పెద్దది. ఇంకోదాంట్లో ఏదో ఒక్క లైనుంది. చెత్తనుకుని తీసేశాను."

"తెరిచి చూశావా?"

"చూశాను. ఒక అంకె ఉంది."

"అంకె ఉందని చూసి మరీ తీసేశావా! ఎవరిచ్చారే నీకు ఆ ఎమ్మెస్సీ?"

ఆమె అరచేతి మీద అరచెయ్యి పెట్టి చూపించింది. ఈ డిస్కులో రెండు పొరలుంటాయి. ప్లేయరులోని కాంతి మొదటి పొరని లోపలి నుంచి అంచుదాకా చదివి, అక్కడ రెండో పొరకి దిగి, అంచు నుంచి వెనక్కి వస్తుంది. దిగేటప్పుడు ఒక క్షణం తడబడుతుంది. అందుకని తయారుచేసినవాళ్ళు ఆ చోటుని తొమ్మిదో పాఠం అయ్యాక, తెర నల్లగా ఉన్నప్పుడు పెట్టారు. ఆ చోటు చెప్పే అంకెనే నేను తీసేశాను. అది లేకపోయేసరికి రాసే సాఫ్ట్‌వేరు మొత్తాన్ని సరిగ్గా సగానికి కోసింది. ఆ కోత నా కూతురి మాట మీద పడింది.

"ఇప్పుడు సరిచెయ్యొచ్చా?"

"దీన్నా? రాశాక పొర జరగదు. అసలుది పట్టుకురా."

కేంద్రంవాళ్ళని బతిమాలితే ఒక్క పగలు ఇస్తామన్నారు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళాను. ఆమె దాంట్లోంచి అంకె చదివి, కాగితం మీద రాసుకుని, కొత్త డిస్కు రాసే ముందు సాఫ్ట్‌వేరుకి ఆ చోటు చెప్పింది. రాయడం అయింది. నేను సంచీ తీసుకున్నాను.

"ఎక్కడికి? కూర్చో."

"అయిపోయింది కదా అత్తయ్యా."

"అయిపోయిందని మెషిను చెప్పింది. నువ్వు చెప్పావా?"

మూడు గంటలపైన చూపించింది. కుర్చీ కాలు ఒకటి పొట్టిది, కదిలినప్పుడల్లా టక్కుమంటుంది. ఫోను మోగితే "మోగనీ" అంది. దాహమేస్తోందంటే, "నేనెన్నేళ్ళు అలా కూర్చున్నానో నీకేం తెలుసు?" అంది. ఎనిమిదో పాఠంలో "తలుపు తియ్యి" ఒక్క ఊపిరిలో వచ్చింది. తొమ్మిదో పాఠం అయ్యాక తెర నల్లబడింది. "ఇదిగో, ఇప్పుడు దిగింది" అంది ఆమె. నాకేమీ కనపడలేదు.

నా పాత కాపీని ఆమె కత్తెరతో రెండుగా కోసి బుట్టలో పారేసింది. నేను థాంక్సు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ కోసం కాదులే. పిల్లకిచ్చేది ఏదైనా సరే, ముందు నువ్వు మొదటి నుంచి చివరిదాకా చూడు. మధ్యలో లేవకు. ఇక వెళ్ళు, నాకు పనుంది."

ఇరవై రోజులకి పిల్ల మాటలో ఆ ఆగడం సగమైంది, నెలకి పోయింది. అత్తయ్యకి ఫోను చేసి చెప్పాను.

"పోయిందా? అయితే నాకెందుకు చెప్తున్నావ్?" అని పెట్టేసింది. ఇప్పటికీ మా ఇంటికి రాదు. నేనూ పిలవలేదు.

నిన్న కేంద్రంవాళ్ళు కొత్త పాఠాల డిస్కు ఇచ్చారు. కాపీ చేశాను, ఈసారి చిన్న ఫైలు తీసెయ్యలేదు, గది తలుపేసుకుని చూడడానికి కూర్చున్నాను. నాలుగో పాఠంలో ఉండగా బయటి నుంచి "అమ్మా, తలుపు తియ్యి!" అని గట్టిగా, ఎక్కడా ఆగకుండా వినపడింది.

"ఏం కావాలన్నా నాన్ననడుగు" అన్నాను. చివరి పాఠం అయ్యాకే లేచాను.