గ్లాసు పట్టుకున్న దేవత

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన మొదటి రోజుల్లో తుపాకుల చప్పుడు విన్నాను, కాలిన వాసన పీల్చాను. అయినా ప్రమాదం మా గుమ్మం దాకా వచ్చిందని తెలిసింది మాత్రం ఒక మధ్యాహ్నం తలుపు తీసినప్పుడే. బయట ఆమె నిలబడి ఉంది. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు. చేతుల్లో దుప్పటి చుట్టిన పెద్ద పటం.

ఆమెదీ మా కడప జిల్లానే. ఆరేళ్లుగా ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది; ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అంటుంది. ఖైతాన్‌లో మా ఫ్లాట్ కింది కొట్లో పరిచయమైంది.

"మా మామా వాళ్లు సౌదీకి పొయినారక్కా. దీన్ని భద్రంగా చూడమని నా చేతికిచ్చి పొయింది. నీ దగ్గర పెట్టుకోక్కా. నన్ను గూడా."

దుప్పటి విప్పితే ఒక స్త్రీ. ఎర్రటి జుట్టు, పసుపు గౌను, కప్పుకోని భుజాలు, పైకెత్తిన చేతిలో గాజు గ్లాసు. అడుగున ఫ్రెంచి అక్షరాలు. నూరేళ్ల కిందట పారిస్ గోడలకు అంటించిన ప్రకటన. రంగుకొక రాయి మీద బొమ్మ గీసి, ఒక దాని మీద ఒకటి అద్ది తీసేవారని కాలేజీ లైబ్రరీలో చదివాను. ఈ బిల్డింగులో దాని విలువ తెలిసింది నాకొక్కదానికే అన్న గర్వంతోనే తీసుకున్నానేమో. ఆమె మీద జాలి ఆ తర్వాతే కలిగింది.

మావారు ఫహాహీల్‌లో డ్యూటీకి వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. సైనికులు ఇళ్లు వెతుకుతున్నారని, కువైటీల సామాను కనబడితే ఊరుకోరని అంతా చెప్పుకుంటున్నారు. బొట్టు చూస్తే మాత్రం హిందీ, అంటే ఇండియా మనిషి, అని వదిలేస్తారట. బయటికి వెళితే నేను రూపాయి కాసంత కుంకుమ పెట్టుకునేదాన్ని. అదే ధీమాతో ఆ పటం అద్దం మీద, నుదురు చూసి, బొట్టు పెట్టాను. ప్లాస్టిక్ మల్లెల దండ వేసి దేవుడి అలమర పక్కన తగిలించాను.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నారు పిల్లలు.

"మన దేవతే. దండం పెట్టుకోండి."

పెట్టుకున్నారు. ఆమె చున్నీ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "కల్లు ముంత ఎత్తి పట్టుకున్న దేవత. మా ఊరి గంగమ్మకు చెల్లెలైతాది."

నాలుగో రోజు ఇద్దరు సైనికులు వచ్చారు. నాకు అరబిక్ అంతంత మాత్రం కాబట్టి ఆమే మాట్లాడింది. పెద్దవాడు పటం ముందు ఆగి, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. గ్లాసు చూపించి ఏదో అంటే రెండోవాడు నవ్వాడు. అంతలోనే పెద్దవాడి గొంతు మారింది.

"ఇది ఎవరిదని అడగతాండాడక్కా," అని ఆమె నా వైపు చూసింది. "మనదే అని చెప్పనా?"

నా చెయ్యి లేచింది. వేలు ఆమెను చూపించింది.

పటంతో పాటు ఆమెనూ మెట్లు దింపారు. ఆమె అడుగుల చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే నేను తలుపు గడియ పెట్టుకున్నాను.

సాయంత్రానికి నడిచి తిరిగొచ్చింది. ఒక చెంప వాచి ఉంది.

"ఏం గాలేదులేక్కా. చెత్తకుప్ప కాడ నాకు దొరికింది, ఈ ఇంటామెకు ఏం తెల్దు అని చెప్పినా. రెండు ఏసి పొమ్మన్న్యారు. పటమే ఇయ్యలేదు. మామాకు ఏం చెప్పల్నో." చెప్పులు విడుస్తూ అడిగింది, "పిల్లోళ్లు తిన్నారా?"

వేడినీళ్లు కాచి ఇచ్చాను.

తెల్లారి ఆమె వంటింట్లో రొట్టెలు కాలుస్తుంటే పిల్లలు అటు వెళ్లకుండా గోడకానుకుని కూర్చున్నారు. నా వేలు ఎటు తిరిగిందో మా పెద్దబ్బాయి చూశాడు మరి. "ఆంటీ దొంగతనం చేసిందా అమ్మా? అందుకే పట్టుకెళ్లారా?" అన్నాడు, ఆమెకు వినబడేలాగే.

"లేదు నాన్నా. ఆంటీ ఏ తప్పూ చేయలేదు. ఆ పటం ఉంచుకుంటానని ఒప్పుకున్నది నేను. దేవత అని మీకు అబద్ధం చెప్పాను. వాళ్లు అడిగితే భయపడి ఆంటీని చూపించాను. ఆమె మాత్రం నా మీద ఏమీ చెప్పకుండా దెబ్బలు తిని వచ్చింది."