కుంతలా మేడంకి, బస్సు పిల్ల నుంచి

నిన్న పొద్దున్న వార్డులో ఉండగా మా బ్యాచ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. కుంతలా మేడం పోయారని.

మూడుసార్లు చదివాను. మొన్న ఆదివారం కూడా ఆవిడ నాకు గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో పంపారు. నేను రిప్లై ఇవ్వలేదు.

ఇప్పటికీ ఏమీ అర్థం కావట్లేదు. ఏడుపు రావాల్సింది పోయి తల గిర్రున తిరుగుతోంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం: మేడం ఒడిశాలోని బరంపురంలో మాకు నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చెప్పారు. క్లాసులో కంటే వార్డులోనే ఎక్కువ. చేతిలో ప్యాడ్ పట్టుకుని, మంచం కాళ్ల వైపు నిలబడి, మేం చేసేది చూస్తూ ఉండేవారు.

ఒడియా, ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట ఆవిడ నోట వినలేదు. ఇంటిపేరూ ఒడియాదే. అందుకని తెలుగు రాదనుకున్నాం. ఒక్కరమైనా అడిగామా అంటే, లేదు.

వీధి వీధినా తెలుగు వినిపించే బరంపురంలో ఉంటూ తెలుగు ముక్క రాని మనిషి ఉంటుందా అని మాకు తట్టనే లేదు. అంత తెలివైన బ్యాచ్ మాది.

థర్డ్ ఇయర్‌లో ఒక శనివారం నాకు హెల్త్ టాక్ ఉంది. పేషెంటుకి జాగ్రత్తలు చెప్పాలి, మేడం చూసి మార్కులు వేస్తారు. నా పేషెంట్ నీలమ్మ. ఆర్యపల్లిలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. కొత్తగా షుగర్ బయటపడింది. సోమవారం ఇంటికి పంపేస్తారు.

ఆలోపు ఇన్సులిన్ తనంతట తను వేసుకోవడం నేర్పాలి. తిండి తినకుండా వేసుకోకూడదని, చెమటలు పట్టి కళ్లు తిరిగితే వెంటనే తీపి నోట్లో వేసుకోమని చెప్పాలి. చెప్పకపోతే ఏ రోజో ఇంట్లో పడిపోతుంది, చూసేవాళ్లు కూడా ఉండరు. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

కానీ ఒంటిగంటకి మా ఊరు చికిటికి బస్సు. ఇంటికెళ్లి నెల దాటింది.

"పిన్నీ, నానేటి సెప్పినా తలూపు. ఆయమ్మకి మన మాట రాదు. నా బస్సెలిపోతాది," అన్నాను.

నీలమ్మ బిక్కమొహం వేసింది. అందుకని ఇంకోటి కలిపాను. "ఆయమ్మ మొకం సూడు, ఎండు సేపలాగ లేదేటి?"

నీలమ్మ కిసుక్కున నవ్వింది.

"కొణ కొహిలు?" అన్నారు మేడం ఒడియాలో. ఏం చెప్పావని. ఇన్సులిన్ గురించి చెప్పాను మేడం, అర్థమైందని నవ్వుతోంది అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి, నీలమ్మ వంక ఒకసారి చూశారు. తర్వాత, పేషెంటుతో చనువు చాలా బాగుందని రాసి, నా బుక్‌లో సంతకం పెట్టారు.

బస్సు దొరికింది. కిటికీ సీటు కూడా దొరికింది.

సోమవారం వచ్చేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. నీలమ్మ ఇంటికెళ్లిపోయిందన్నారు. తర్వాత మర్చిపోయాను.

మర్చిపోయాననడం అబద్ధం. చెమటలు పట్టిన పేషెంట్ ఎవరు కనిపించినా గుర్తొచ్చేది. బతికుందో లేదో కనుక్కునే ధైర్యం మాత్రం లేకపోయింది.

అప్పట్నుంచి తెలుగు పేషెంట్ ఎవరొచ్చినా మేడం నాకే ఇచ్చేవారు. పక్కనే నిలబడేవారు. చాలాసార్లు సరిగానే చెప్పాను. కొన్నిసార్లు చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం మేడం ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఏడుస్తోంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు బస్సు పిల్లవి గదేటి?"

నీలమ్మ. బతికే ఉంది. వెళ్లి ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"ఆ దినం నువ్వెలిపోనాక ఆయమ్మ నా మంచం కాడ కూకున్నాది. మన మాటలోనే అన్నీ సెప్పినాది. ఆదివారం కూడా వొచ్చినాది. నా సేత్తో నాను సూది ఏసుకున్నదాకా నన్నొగ్గలేదు. అప్పట్నించి ఎండు సేపలట్టుకుని ఈ ఇంటికొస్తన్నాను. నీ ఊసొస్తే ఇద్దరం నవ్వుకునీవోలం."

మేడంకి తెలుగు వచ్చా అని అడిగాను.

"ఓలమ్మ, ఆయమ్మ కన్నోరిది రంభ ఊరు గదా. మనోలే, తెలుగోలే."

మరి నన్నెందుకు తిట్టలేదు పిన్నీ అన్నాను.

"నాకేటి తెలుసు. సూదంటే బయిమేసి అప్పటిదాకా ఎవుల్నీ దగ్గిరకి రానీలేదు నాను. నువ్వు నవ్వించినావు. ఆ పిల్ల నవ్వించబట్టే నువ్వు దారికొచ్చినావు అనేది ఆయమ్మ."

ఇది విన్న దగ్గర్నుంచి నా బుర్ర పనిచేయట్లేదు.

అయితే మేడం, మీరు రాసింది నిజమేనా? లేక నా మీద జాలా? చనువు బాగుందన్నారు సరే, ఆ సంతకం దేనికి పెట్టారు? ఆ సంతకాల మీదే కదా నేను నర్సునయ్యాను. ఇప్పుడు స్టూడెంట్స్ బుక్కుల్లో నేనే సంతకాలు పెడుతున్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. నిజం చెప్పాలంటే మీ మీద కోపం కూడా వస్తోంది. ఎండు చేప మాట విని కూడా ఇన్నేళ్లు నాకు పువ్వుల ఫోటోలు ఎలా పంపారు?

ఇవాళ పొద్దున్న ఒక స్టూడెంట్, అన్నీ చెప్పేశాను మేడం అని బుక్ చాపింది. పెన్ను తీశాను కానీ సంతకం పెట్టలేదు. వెళ్లి ఆ పేషెంట్ మంచం మీద కూర్చుని, నీకేం చెప్పిందమ్మా అని అడిగాను. మీరైతే ఇలాగే చేసేవారో, ఇంకోలా చేసేవారో, నాకు తెలియదు. ఇక అడగడానికి మీరు లేరు.

కొణ కొహిలు అన్నారు కదా ఆ రోజు.

ఏమీ చెప్పలేదు మేడం. బస్సుకి టైమైపోతోందని.

నిన్న మాత్రం మిమ్మల్ని తీసుకెళ్లేదాకా నీలమ్మ పక్కనే కూర్చున్నాను. చికిటి బస్సులు ఎన్ని పోయాయో చూసుకోలేదు.

ఇక నిలబడింది చాలు మేడం. ప్రశాంతంగా పడుకోండి.