రెండుగా చిరిగిన యుద్ధం పాఠం

నా చిన్నప్పుడు జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను, ఆ పీట ఇటు లాక్కుని కూర్చోండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. ఆ ఏడు చదివిన ఒక్క పాఠం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు మేం విజయవాడ వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. మా తాతయ్యది పుస్తకాలు కుట్టే పని. జూన్ వచ్చిందంటే చుట్టుపక్కల పిల్లల పుస్తకాలన్నీ మా అరుగెక్కేవి. నాకూ పక్కింటి పిల్లకీ కలిపి ఒక్కటే సోషల్ పుస్తకం. పొద్దున నా దగ్గర, సాయంత్రం తన దగ్గర.

అందులో పాకిస్తాన్‌తో మనకొచ్చిన యుద్ధాల పాఠం ఉండేది. వాళ్లు దొంగచాటుగా వచ్చారు, మనవాళ్లు తరిమికొట్టారు, అంతే. అది చెప్పిన రోజు నుంచీ సందులో మా ఆట యుద్ధమే. రోజూ నేను మన సైన్యం, పక్కింటి పిల్ల శత్రువు. వారం రోజులు ఓడీ ఓడీ, ఆ పిల్ల ఇవాళ తనే ఇండియా అంది. ఓడేది నువ్వేనని ఇందులో రాసుంది చూడమని నేను పుస్తకం తెరిచాను. తను లాగింది, నేనూ లాగాను. సరిగ్గా ఆ పాఠం మధ్యకి పుస్తకం రెండు ముక్కలైంది. తన సగం తను పట్టుకుపోయింది. మర్నాడే పరీక్ష. పుస్తకం పోయిందన్న భయం కంటే, ఆ పిల్ల ఇక నాతో మాట్లాడదన్న దిగులే నాకు ఎక్కువైంది.

తాతయ్య తిట్టలేదు. ఇద్దరినీ పిలిచి చెరో కాగితం ఇచ్చి, గొడవ ఎలా జరిగిందో రాస్తేనే కుడతానన్నాడు. రాశాక నా కాగితం తనకీ, తనది నాకూ ఇచ్చి గట్టిగా చదవమన్నాడు. నా కాగితంలో తను లాగింది, నేను గెలిచాను. తన కాగితంలో నేను లాగాను, తను గెలిచింది. నేను వారం పాటు తనని ఓడించిన సంగతి నా రాతలో ఎక్కడా లేదు. అది తన కాగితంలో చదవాల్సి వచ్చేసరికి ఆ వాక్యం గబగబా చదివేశాను. ఆ పిల్లకి మాత్రం నవ్వాగలేదు.

"ఇద్దరూ గెలిచారు, బాగానే ఉంది. మరి పుస్తకం ఎందుకు చిరిగిందే?" అన్నాడు తాతయ్య.

పక్కింటి పిల్ల, "తాతయ్యగారూ, పాకిస్తాన్ పిల్లల పుస్తకంలో ఎవరు గెలిచినట్టు రాసుంటుందండీ?" అని అడిగింది.

"ఆ పుస్తకం నా దగ్గరికి కుట్టుకి రాలేదమ్మా. వస్తే ముందు ఆ పేజీయే చూద్దును."

మా కాగితాలు రెండూ ఆ పాఠం మధ్యలోనే పెట్టి కుట్టేశాడాయన. అట్టకి రాసిన జిగురు ఆరకముందే ఇద్దరం తలలు ఆనించుకుని చదువుకున్నాం. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాశాం లెండి, మార్కులు కావాలిగా.

మొన్న పటమటలో మా అబ్బాయింట్లో మనవరాలు అదే యుద్ధం పాఠం చదువుతుంటే, అవతలి దేశం పిల్లలేం చదువుతున్నారో చూడమన్నాను. ఫోన్లో వెతికి, "అక్కడ వాళ్లే గెలిచారట నాయనమ్మా," అని పకపకా నవ్వింది. నా దేశం మీద నాకు ప్రేమేం తగ్గలేదు. కానీ ఆనాటి నుంచీ ఎవరు వచ్చి గొడవ చెప్పినా, అవతలి మనిషి నోట కూడా వినేదాకా నేను తీర్పు చెప్పను.

మీ ఇంట అలిగినవాళ్లు అన్నం వేళకల్లా ఒకే పంక్తిలో కూర్చోవాలి, మీ గడప నిండా పిల్లల కబుర్లు వినపడుతూ ఉండాలి.