వేలు దిగని తొట్టి అడుగు

నంద్యాల జిల్లా అయిన ఏడాది, ఎండాకాలం. బస్టాండు దగ్గర నా చేపల తొట్ల అంగడి. చేపలతో పాటు నీటి మొక్కలూ అమ్ముతాను. మొక్కల తొట్టి అడుగున పరిచే మన్ను, ఇసుకను సబ్‌స్ట్రేట్ అంటారు. నడివయసు దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, సంచీ మీద ఆ మాట కూడబలుక్కుని చదవడానికే చాలా కాలం పట్టింది. అర్థం కావడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

ఆళ్లగడ్డ నుంచి చెన్నయ్య అనే శిల్పి వచ్చేవాడు. మణికట్టు దెబ్బతిని సుత్తి పట్టలేకపోతున్నాడు. పాత పనిలో మిగిలిన రాళ్లను తొట్లలో పేర్చి, చుట్టూ మొక్కలు నాటి అమ్ముకుందామని మొదలుపెట్టాడు. నంద్యాలలో కొత్తగా లాడ్జి కట్టిన ఒకాయన, నమూనా తొట్టి నచ్చితే వరండాకూ గదులకూ అతని చేతే పెట్టిస్తానన్నాడు. చెన్నయ్యకు ఇంకో ఆధారం లేదు.

ఒకరోజు తడిగుడ్డలో అమెజాన్ స్వోర్డ్ మొక్కను చుట్టుకుని వచ్చాడు. వెడల్పు ఆకులది, ఎక్కువగా వేర్లతోనే తిండి తీసుకునే రకం. వేర్లు నల్లబడి మెత్తగా అయిపోయాయి.

"ఏందన్నా, చచ్చే మొక్కలు అమ్ముతాండావా?"

"నా తొట్లో చావలేదు గదప్పా. అడుగున ఏమేసినావ్?"

"కింద మన్ను, పైన ఇసక. నువ్విచ్చిందే."

రాళ్ల మీద అనుమానం వచ్చింది. బెలుం వైపు రాయిలో సున్నం ఉంటుంది. అది నీళ్లలోకి దిగితే కొన్ని మొక్కలు పాలిపోతాయి. అతని రాళ్లు తెప్పించి నిమ్మరసం పిండాను. సున్నముంటే బుడగలు రావాలి. రాలేదు. నీళ్లేమో అనుకుని మా అంగడి నీళ్లు క్యాన్లలో పంపాను. లైటు మార్పించాను. రెండోసారి నాటినవీ అట్లే పోయాయి. అదే మన్ను, అదే ఇసుక, నా తొట్టిలో మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్లు ఈ పని చేసి కూడా నాకు దిక్కు తోచలేదు. లాడ్జి ఆయన చూడ్డానికి వచ్చే రోజు దగ్గరపడింది. బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను.

తొట్టి ముచ్చటగా ఉంది. అడుగు గీత గీసినంత సమంగా ఉంది. చెన్నయ్య భార్య లక్ష్మమ్మ టీ ఇస్తూ అంది:

"మన్నులో రాతిపొడి కలిపి చెక్కతో దిమ్మిస కొట్టినాడన్నా. చాపలకు గూడా పీఠం కావల్లంట ఈయనకు."

"రాతిపొడి యాడిది? నాకు చెప్పలేదే."

"పీఠం కదిలితే పైన ఏం నిలబడ్తాదన్నా?" అన్నాడు చెన్నయ్య. "అది చెప్పేదేముంది?"

అడుగులోకి వేలు దించబోయాను. దిగలేదు. గరిటె కాడతో పొడిస్తే బుడగలు లేచి మురిగిన గుడ్డు వాసన కొట్టింది. పిండిలాంటి పొడి గట్టిగా పేరుకుంటే నీళ్లు కిందికి ఆడవు, వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. సరే, కారణం దొరికింది అనుకున్నాను. కానీ అదే తొట్టిలో, అన్నిటికంటే గట్టిగా కొట్టిన మూలలో, రిబ్బన్ల లాంటి ఆకులున్న వాలిస్నేరియా ఒకటి నిక్షేపంగా పెరుగుతోంది. మళ్లీ అయోమయంలో పడ్డాను.

అయినా వేరే దారి లేదు. ఆ ఒక్కదాన్ని అడుగు మన్నుతో సహా పెళ్లగించి పక్క డబ్బాలో పెట్టాం. మిగతాదంతా తోడేశాం. కొత్త మన్ను పలుచగా పరిచి, పైన ముతక ఇసుక వదులుగా పోసి, నా అంగడి నుంచి తెచ్చిన మొక్కలు నాటాం. చెన్నయ్య చెయ్యి ఊరుకోదు, అణచబోతాడు.

"చెయ్యి తీయ్."

"కాళ్ల కింద నేల కదిలినట్లుందన్నా నాకు."

"లోపల ఉండేది నీ కాళ్లు కాదప్పా, వేర్లు."

లాడ్జి ఆయన చూడ్డానికి వచ్చిన రోజు నేనూ పోయాను. అప్పటికి మొక్కల పాత ఆకులు పసుపెక్కి కరుగుతున్నాయి. కొత్త చోట నాటితే అది మామూలే. చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

"ఇదా నమూనా?" అన్నాడు.

"రెండుసార్లు నా చేతిపని వల్లనే చచ్చినాయి సార్," అన్నాడు చెన్నయ్య. "ఇప్పుడు మళ్లీ నాటినాం. కొత్త ఆకు వస్తేనే తీసుకోండి. రాకుంటే మీ తావుకు రాను."

ఆయన కాసేపు తొట్టిలోకి చూసి, "ఆకొచ్చినాక ఫోన్ చెయ్," అని వెళ్లిపోయాడు. ఆకు వచ్చింది. వరండాకు ఒక తొట్టి పెట్టించుకున్నాడు. గదుల సంగతి తర్వాత చూద్దామన్నాడు.

మనిషి తన పనిలో మంచిదనుకున్నదే తొట్టిలోనూ చేస్తాడు, అది చెప్పాల్సిన సంగతని కూడా అనుకోడు. ఇప్పుడు మొక్క చచ్చిందని ఎవరొచ్చినా నీళ్లు, లైటు తర్వాత. "నువ్వేం పని చేస్తాండావప్పా?" అని ముందు అడుగుతాను.

ఆ వాలిస్నేరియా ఇప్పటికీ డబ్బాలో ఆ గట్టి మన్నులోనే పెరుగుతోంది, పక్కన పిల్లలు కూడా పెట్టింది. ఎట్లా బతికిందో నాకు తెలియదు. అడిగినవాళ్లకూ తెలియదనే చెబుతున్నాను.