టీచరమ్మ అమ్మిన నెక్లెసు

మెట్టుగూడలో మా కింది వాటాలో రిటైరైన టీచరమ్మ ఒక్కరే ఉండేవారు. కూరగాయలు కొన్నా, "నాకు కనబడేలా తూచు నాయనా," అనేవారు.

ఒకరోజు తన రాళ్ల నెక్లెసు అమ్మడానికి నన్ను తోడు రమ్మన్నారు. "ఇక ఇది పెట్టుకుని ఎక్కడికెళ్లాలమ్మా?" అన్నారు.

రెండు దుకాణాల్లో రాళ్లకని చెప్పి బంగారం బరువు మరీ ఎక్కువ తగ్గించారు. ఆమె నెక్లెసు తీసుకుని లేచారు. మూడోచోట, "రాళ్లు ఊడదీసి, నా ముందే తూచండి," అన్నారు.

"గట్లనే చేద్దామమ్మా, జెర కూసోండి," అన్నాడు షావుకారు. అన్నట్టే తూచి, ఆ రోజు ధర ప్రకారమే డబ్బిచ్చాడు.

ఇంటికి వచ్చాక ఆమె నన్ను వెళ్లనివ్వలేదు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, జరిగిందంతా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. పక్కనే ఉండి అంతా చూసిన నేను, "అప్పుడు షావుకారు ఏమన్నాడు టీచర్?" అని అడిగాను.